రేగడి దుమ్ములో సైకిల్ చైను

సైకిలుకు ఇనప చైను మేలా, రబ్బరు బెల్టు మేలా అన్న వాదన హైదరాబాదు, బెంగళూరు లాంటి నగరాల్లో ఖరీదైన సైకిళ్లు కొనేవాళ్ల మధ్య సాగుతోంది. నిజానికి అది తేలవలసిన చోటు కర్నూలు, కడప సీమలు. ఆదోని, ఆలూరు, కోవెలకుంట్ల, జమ్మలమడుగు చుట్టూ నల్లరేగడి. పత్తికొండ, రాయచోటి వైపు ఎర్రనేల, గులక. బేతంచెర్లలో నాపరాళ్లు కోసి నున్నచేసే ఫ్యాక్టరీలు, ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలు, మంగంపేటలో ముగ్గురాయి గనులు. ఏడాదికి పడే వాన సుమారు 700 మిల్లీమీటర్లు, అది కూడా చాలావరకు కొద్ది రోజుల్లోనే కురిసిపోతుంది. ఆ నాలుగు రోజులు చక్రానికి బంకలా పట్టే రేగడి బురద, మిగతా ఏడాదంతా గాలిలో తేలే దుమ్ము. సైకిల్లో తిరిగే భాగం ఏదైనా ఇక్కడ తట్టుకుందంటే ఎక్కడైనా తట్టుకున్నట్టే. ఈ నేల మీద నిలబడి చూస్తే నాకు తోచేది ఒకటే. చైను మీద మనం మోపే నేరాల్లో ఎక్కువ భాగం దాన్ని బట్టబయలుగా వదిలేయడం వల్ల వచ్చినవి. వాటికి విరుగుడు 1890ల నాటికే దొరికింది. మన తాతల నాటి నల్ల సైకిళ్లకు అది ఉండేది. దాన్ని మనమే పీకి పారేసి, ఇప్పుడు బెల్టు వైపు ఆశగా చూస్తున్నాం.

చైను పుట్టుక సైకిలు కంటే చాలా పాతది. చైనాలో పదకొండో శతాబ్దంలో సు సోంగ్ కట్టించిన ఖగోళ గడియారంలో ఒక ఇరుసు తిప్పుడును ఇంకో ఇరుసుకు అందించే గొలుసు ఉంది. లియొనార్డో డావించి నోటుపుస్తకాల్లో ఇప్పటి చైనును తలపించే బొమ్మలున్నాయి. అయితే బొమ్మ గీయడం వేరు, మనిషి బరువుకు తెగకుండా, పళ్ల మీద ఎక్కి దిగినప్పుడల్లా అరిగిపోకుండా ఉండే చైను చేయడం వేరు. 1864లో ఇంగ్లండులో జేమ్స్ స్లేటర్ ఒక చైనుకు పేటెంటు తీసుకున్నాడు. 1879లో అతని వ్యాపారాన్ని కొన్న హాన్స్ రెనాల్డ్, స్విట్జర్లాండులో పుట్టి మాంచెస్టరులో స్థిరపడిన ఇంజనీరు, మరుసటి ఏడాదే అసలు మలుపు తిప్పాడు. అంతకుముందు చైనుల్లో సన్నటి పిన్ను మీదే భారమంతా పడేది. రెనాల్డ్ పిన్ను చుట్టూ బుష్షు అనే గొట్టం పెట్టాడు. దాంతో రాపిడి పిన్ను పొడవునా పరుచుకుంది. బుష్షు మీద వదులుగా తిరిగే రోలరు ఉంటుంది కాబట్టి పన్ను మీద చైను రాసుకోదు, దొర్లుతుంది. ఆదోని బజారులో ఇవాళ కొనే సైకిల్ చైను కూడా ఆ 1880 నాటి చైనే. 112 లింకుల చైను విప్పి లెక్కబెడితే రేకులు, పిన్నులు, బుష్షులు, రోలర్లు కలిపి 560 ముక్కలు తేలతాయి. అన్ని ముక్కలున్న వస్తువు అంత చౌకగా దొరకడం యంత్రయుగం చేసిన గొప్ప పనుల్లో ఒకటని నేను నమ్ముతాను.

చైను రాకముందు సైకిలు తొక్కడం సాహసం. పెడళ్లు నేరుగా ముందుచక్రానికే ఉండేవి. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టే తిరుగుతుంది కాబట్టి వేగం కావాలంటే చక్రం పెద్దది చేయడం తప్ప దారి లేదు. అలా ముందుచక్రం మనిషి ఛాతీ ఎత్తుకు పెరిగింది. చిన్న గుంతలో పడినా తొక్కేవాడు తలకిందులుగా పడేవాడు. 1879లో హ్యారీ లాసన్ వెనక చక్రాన్ని చైనుతో తిప్పే సైకిలుకు పేటెంటు తీసుకున్నాడు. 1885లో కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ చేసిన రోవర్ సైకిలు ఆ ఆలోచనను జనంలోకి తెచ్చింది. ముందు పెద్ద పళ్ల చక్రం, వెనక చిన్నది. మన నల్ల సైకిల్లో ముందు 44 పళ్లుండి వెనక 18 ఉంటే, పెడలు ఒక్కసారి తిరిగితే చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. చక్రం పెంచనక్కర్లేకుండానే వేగం వచ్చింది. రెండు చక్రాలూ ఒకే ఎత్తుకు దిగాయి. ఆడవాళ్లు, ముసలివాళ్లు, బరువులు మోసేవాళ్లు, అందరూ ఎక్కగలిగే వాహనం అయింది. 1888లో డన్‌లప్ గాలి టైరు తోడయ్యాక సైకిలు రూపం స్థిరపడిపోయింది.

అప్పుడే చైను మీద ఫిర్యాదులూ మొదలయ్యాయి. బట్టలకు మసి అంటుతుంది, దుమ్ము పట్టి కిర్రుమంటుంది, అరుగుతుంది. ఇవాళ బెల్టు అమ్మేవాళ్లు చెప్పే మాటలన్నీ 1890ల్లోనే వినిపించాయి. వాటికి అప్పట్లో రెండు రకాల జవాబులొచ్చాయి. మొదటిది, చైనును తీసిపారేసి ఇరుసు కడ్డీ పెట్టడం. అమెరికాలో కొలంబియా కంపెనీ 1898లో చైను లేని సైకిలును పెద్ద ప్రచారంతో బజారులోకి తెచ్చింది. వాలుపళ్ల గేర్లు కచ్చితంగా కుదిరితేనే అది సాఫీగా నడిచేది. ఖరీదెక్కువ, బరువెక్కువ. కొన్నేళ్లలోనే వెనకబడింది. రెండో జవాబు చాలా సాదా. చైనును రేకు డబ్బాలో మూసేయడం. దుమ్ము లోపలికి రాదు, నూనె బయటికి పోదు, పంచె అంచు పళ్లలో పడదు. వుల్వర్‌హాంప్టన్‌లో జాన్ మార్‌స్టన్ సన్‌బీమ్ సైకిళ్లు ఈ మాటలో అందరికంటే ముందుకు వెళ్లాయి. వాటిలో చైను మూసిన పెట్టెలో నూనె తడితోనే తిరిగేది. బయటినుంచి మట్టి చేరదు కనుక ఆ చైనులు ఏళ్లకేళ్లు నడిచేవి. హాలండులో వానలో, ఉప్పుగాలిలో తిరిగే సైకిళ్లకు ఇప్పటికీ నిండు చైన్ కవర్లు కనిపించేది ఇందుకే.

మద్రాసు ప్రెసిడెన్సీకి ఇంగ్లండు నుంచి ఓడల్లో దిగి, రైలెక్కి కడపకూ కర్నూలు సీమకూ వచ్చిన ర్యాలీ, హంబర్, బీఎస్‌ఏ, హెర్క్యులిస్ లాంటి సైకిళ్లు ఆ వంశానివే. నిటారు కూర్చునే ఫ్రేము, 28 అంగుళాల చక్రం, కడ్డీ బ్రేకు, మంచిరకం వాటికి నిండు చైన్ కవరు. స్వాతంత్ర్యం వచ్చాక వాటిని మనమే చేసుకోవడం మొదలైంది. మద్రాసు పక్కన అంబత్తూరులో 1949లో టీఐ సైకిల్స్ ఏర్పడింది. బెంగాల్లో అసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో వచ్చాయి. సైకిలు దేశీయమైతే చాలదు, చైనూ దేశీయం కావాలి. అమెరికాలోని డైమండ్ చైన్ కంపెనీ సహకారంతో టీఐ డైమండ్ చైన్, హీరో కుటుంబానికి చెందిన రాక్‌మన్, ఈ రెండూ 1960లో మొదలయ్యాయి. ఆ తర్వాత అర అంగుళం లింకు, ఎనిమిదో వంతు అంగుళం వెడల్పు ఉన్న చైను దేశమంతా ఒకటే కొలత అయింది. ఏ కంపెనీ సైకిలుకైనా ఏ కంపెనీ చైనైనా సరిపోతుంది. ఎమ్మిగనూరులో తెగిన చైనుకు మైదుకూరులో కొన్న లింకు పడుతుంది. ఈ ఒకే కొలత వల్ల పేదవాడికి మిగిలిన డబ్బెంతో ఎవరూ లెక్కగట్టలేదు. చైనుకున్న బలాల్లో దీన్నే నేను మొదట చెబుతాను.

ఇక బెల్టు సంగతి. సీమకు బెల్టు కొత్తది కాదు. మద్రాసు మార్కెట్లో వెస్టర్న్స్, నార్తర్న్స్ అన్న పేర్లతో చలామణీ అయిన పత్తి ఈ నేలలోదే. దాన్ని వొలిచిన ఆదోని, నంద్యాల జిన్నింగు మిల్లుల్లో కప్పు కింద పొడవాటి ఇరుసు, దాన్నుంచి ఒక్కో యంత్రానికి దిగే వెడల్పాటి బెల్టు ఉండేవి. వేరుశనగ నూనె మిల్లులూ, ప్రతి పల్లెలో పిండిమరలూ బెల్టుల మీదే నడిచాయి. పత్తి నుసిలో, పిండి దుమ్ములో అవి బాగానే పనిచేశాయి. మరి అదే బెల్టు సైకిలుకు ఎందుకు ఎక్కలేదు? మిల్లు చక్రం వేగంగా తిరుగుతుంది, లాగుడు తక్కువ. సైకిలు నిదానంగా తిరుగుతుంది, లాగుడు విపరీతం. 60 కిలోల మనిషి ఎత్తు ఎక్కుతూ పెడలు మీద నిలబడ్డాడనుకుందాం. పెడలు చేయి పొడవు సుమారు 17 సెంటీమీటర్లు, 44 పళ్ల చక్రం సగం కొలత సుమారు 9 సెంటీమీటర్లు. అంటే చైనులో పుట్టే లాగుడు 110 కిలోలు దాటుతుంది. నున్నటి బెల్టు కేవలం ఒరిపిడి మీద ఆధారపడి అంత భారాన్ని పట్టలేదు, జారిపోతుంది. తొలినాళ్ల మోటారు సైకిళ్లకు తోలు బెల్టులుండేవి. వాన పడితే అవి జారడం అందరికీ తెలిసిన బాధ. చివరికి అవీ చైనుకే మారాయి.

బెల్టుకు పళ్లు మొలిచాకే కథ మారింది. 1940ల్లో అమెరికాలో రిచర్డ్ కేస్ పళ్ల బెల్టును రూపొందించింది కుట్టుమిషన్ కోసం. సూదీ, కింది దారపు బాబినూ లయ తప్పకుండా తిరగాలి, జారే బెల్టు పనికిరాదు. అక్కడినుంచి అది 1962లో జర్మనీలో గ్లాస్ కంపెనీ కారు ఇంజనులోకీ, 1980లో హార్లీ-డేవిడ్సన్ మోటారు సైకిలు వెనక చక్రానికీ చేరింది. 1980ల్లో జపానులో బ్రిడ్జ్‌స్టోన్ మామూలు జనం తొక్కే సైకిళ్లకు బెల్టు బిగించింది. 1987లో ఇంగ్లండు మడత సైకిలు స్ట్రైడా బెల్టుతోనే వచ్చింది. 2007లో అమెరికాలోని గేట్స్ కంపెనీ పాలీయురెథేన్‌లో కార్బన్ నారలు పొదిగి సైకిళ్ల కోసమే బెల్టు తెచ్చాక ఇప్పటి ఊపు మొదలైంది. దాని గుణాలు నిజమైనవే. నూనె అక్కర్లేదు, తుప్పు పట్టదు, చప్పుడు లేదు, బట్టకు మసి కాదు, బయటే తిరిగే చైను కంటే చాలా రెట్లు ఎక్కువ కాలం మన్నుతుంది. బెల్టుకు గేర్లు మార్చే డీరైలరు పనికిరాదని కొందరు అంటారు. సీమలో ఎక్కువ సైకిళ్లకు అసలు గేర్లే లేవు కాబట్టి ఆ లోపం ఇక్కడ లెక్కలోకి రాదు. శక్తి నష్టం సంగతీ అంతే. బాగా తొక్కేవాడి కాలిబలం 250 వాట్లనుకుంటే, పరీక్షల్లో శుభ్రమైన చైను సుమారు 3 వాట్లు తింది, బెల్టు సుమారు 4. ఒక వాటు తేడా కోసం దేన్నీ తిరస్కరించనక్కర్లేదు.

తిరస్కరించవలసిన కారణం వేరే ఉంది. సైకిల్ బెల్టు అతుకు లేని వలయం. సైకిలు వెనక భాగంలో గొట్టాలు మూడు మూలలుగా కలుస్తాయి. చైనునైతే లాకు తీసి గొట్టాల మధ్య నుంచి దూర్చి మళ్లీ లాకు వేస్తారు. బెల్టు దూరాలంటే ఆ మూలలో ఒకచోట ఫ్రేము విడిపోయి మళ్లీ బోల్టుతో కలవాలి. అంటే మన ఇళ్లలో ఉన్న ఏ సైకిలుకూ అది పట్టదు, ఫ్రేమే కొత్తగా చేయాలి. బిగువు కూడా కచ్చితంగా ఉండాలి. వదులైతే పళ్లు ఎగిరిపోతాయి, ఎక్కువైతే బేరింగులు పోతాయి. క్యారియరు మీద రెండు పాలక్యాన్లో, ఒక బియ్యం మూటో వేసుకుని గతుకుల్లో పోతుంటే వెనక ఫ్రేము అటూ ఇటూ ఊగుతుంది. చైను దాన్ని ఓర్చుకుంటుంది, బెల్టు ఓర్చుకోదు. లోపలి కార్బన్ నార లాగుడుకు ఉక్కులాంటిదే, కానీ ఒక్కసారి మడత పడితే చిట్లుతుంది. బెల్టు పళ్ల సందున గులకరాయి ఇరుక్కుంటే అదే జరగవచ్చు. చిట్లిన బెల్టును ఎవరూ అతకలేరు. అదే పిండిమర బెల్టు చూడండి. తెగితే మర యజమాని కొస కత్తిరించి, ఇనప క్లిప్పులు కొట్టి, మరలో అదే రోజు పిండి ఆడిస్తాడు. పల్లెల్లో బెల్టు ఇంతకాలం నిలిచిందంటే తెగినచోట కలిపే వీలుండబట్టే. చైనుకున్నదీ ఆ వీలే. అరిగితే ఒక లింకు తీసేయవచ్చు, వెనక చక్రం కొంచెం వెనక్కి జరిపి బిగించవచ్చు, తెగితే రాయీ మేకూ పెట్టి పిన్ను కొట్టయినా ఊరు చేరవచ్చు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. అమెరికాలో వీర్ అనే కంపెనీ రివిట్లతో కలిపే బెల్టు చేసింది, ఫ్రేము కోయనక్కర్లేదు. మంచి ఆలోచనే. అయినా ఆ బెల్టు పళ్లకు సరిపోయే పళ్ల చక్రాలు ముందూ వెనకా వేరే కావాలి, బెల్టు పొడవు లింకు చొప్పున పెంచి తగ్గించే వీలు లేదు, తెగితే అదే కొలత బెల్టు రప్పించాలి. ప్రొద్దుటూరు సైకిల్ షాపులో మేకుకు వేలాడే చైనుతో అది ఇప్పట్లో పోటీ పడలేదు. మరో అభ్యంతరం ఇంకా బలమైంది. ఏథర్ కరెంటు స్కూటర్లు పళ్ల బెల్టుతోనే నడుస్తున్నాయి కదా, ఆ దుమ్ములో అవి తిరగగా లేనిది సైకిలు తిరగలేదా అని. స్కూటరులో ఫ్రేమును మొదటినుంచీ బెల్టుకు తగ్గట్టే చేస్తారు. మోటారు సాఫీగా లాగుతుంది, మనిషి కాలిలా గుంజి గుంజి లాగదు. చెడితే కంపెనీ సర్వీసు సెంటరుకు తీసుకుపోతారు. లక్ష పైచిలుకు బండికి ఆ ఏర్పాటు చెల్లుతుంది. పైగా అక్కడా బెల్టుదే చివరి మాట కాలేదు. ఓలా 2025లో ప్రకటించిన మూడో తరం స్కూటర్లలో బెల్టు స్థానంలో చైను వచ్చింది.

ఇప్పుడు అసలు ఫిర్యాదుకు రావాలి. చైను దుమ్ములో త్వరగా చెడుతుంది, నిజం. ఎందుకు చెడుతుందో తెలిస్తే మందు అదే దొరుకుతుంది. చైను పొడవు పెరిగినప్పుడు రేకులు సాగవు. లోపల పిన్నూ బుష్షూ అరిగి సందు ఏర్పడుతుంది, 112 చోట్ల సందులు కలిసి చైను వదులవుతుంది. అరిగించేది తొక్కేవాడి బలం కంటే ఎక్కువగా ఇసుక. పైన పూసిన నూనెకు దుమ్ము అంటుకుని సానపట్టే ముద్దలా తయారై బుష్షు లోపలికి దిగుతుంది. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ స్పైసర్ బృందం 1999లో చైనులను పరీక్షించినప్పుడు, మంచి పరిస్థితిలో 98.6 శాతం శక్తి చక్రానికి చేరింది. ఇంకో విషయం వాళ్లనే ఆశ్చర్యపరిచింది. ఆ శుభ్రమైన గదిలో నూనె వేసినా వేయకపోయినా నష్టంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే చైనుకు శుభ్రతే ప్రాణం. ఆ శుభ్రమైన గదిని సైకిలుకే బిగించడం తప్ప నిండు చైన్ కవరు చేసే పని మరొకటి కాదు. మన దేశంలో కోట్లమంది నడిపిన మోటారు సైకిళ్లే దీనికి సాక్ష్యం. 1985 నాటి హీరో హోండా సీడీ 100 నుంచి స్ప్లెండర్ దాకా పల్లె బాటల కోసం చేసిన బండ్లకు చైను చుట్టూ నిండు రేకు కవరు ఉంచారు. చైను బయటపెట్టింది కుర్రకారు కోసం చేసిన వేగం బండ్లకు. ఆళ్లగడ్డ రైతు బండికి ఏది కావాలో మోటారు కంపెనీలకు తెలిసింది, సైకిల్ కంపెనీలు మరిచిపోయాయి.

కవరు మీదా ఫిర్యాదులున్నాయి. సొట్టపడితే చైనుకు తగిలి కరకరమంటుంది. బరువు పెరుగుతుంది. పంచరు వేయడానికి అడ్డం. బరువు మాట తేలిక, ఇరవై కిలోల సైకిలుకు కొన్ని వందల గ్రాములు ఎక్కువేం కాదు. పంచరు మాటకు మన మేస్త్రీలే జవాబు. వాళ్లు చక్రం ఊడదీయరు, టైరు ఒక పక్క లేపి ట్యూబు బయటికి లాగి, నీళ్ల బేసినులో ముంచి, అతుకేసి మళ్లీ దూరుస్తారు. చప్పుడు మాత్రం నిజమైన లోపం. పలచటి రేకు, బలహీనమైన క్లిప్పులు వాడబట్టి వచ్చింది. మందం పెంచితే, బిగింపు గట్టిగా చేస్తే పోయేది. రేగడి బురదకు కవరు పూర్తి జవాబు కాదని కూడా ఒప్పుకోవాలి. ఆ బురద మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య గట్టిపడి చక్రాన్నే ఆపేస్తుంది, అక్కడ చైనైనా బెల్టైనా ఒకటే. అది ఏడాదిలో కొద్ది రోజుల బాధ. దుమ్ము ఏడాది పొడవునా ఉండే బాధ.

1990ల్లో లావు టైర్లు, వంపు హ్యాండిళ్లతో కొత్తరకం సైకిళ్లు వచ్చాయి. విదేశాల్లో కొండబాటల్లో పందేలకోసం చేసిన రూపం అది. అక్కడ చైను బయట ఉండటానికి కారణం డీరైలరు, రోజూ కడిగి నూనె వేసే తీరిక. ఇక్కడ గేర్లు లేని సైకిలుకు కూడా ఆ రూపమే తగిలించి, నిండు కవరు తీసి పైన ఒక ప్లాస్టిక్ ముక్క పెట్టారు. బడి సైకిళ్లదీ ఇదే తీరు. 2014-19 మధ్య రాష్ట్ర ప్రభుత్వం ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్లు పంచింది. పొరుగూరి హైస్కూలుకు పోవలసిన పిల్లకు ఆ సైకిలు చదువునే నిలబెట్టే వస్తువు. చున్నీ చైనులో పడటం, యూనిఫారం మసి కావడం, మూడు నెలలకే చైను పడిపోతూ ఉండటం ఆ పిల్లకు చిన్న కష్టాలు కావు. ఆ కష్టాలన్నిటికీ కలిపి విరుగుడు ఒక్క రేకు కవరు. బెల్టు సైకిలు ఒకటి కొనే ఖర్చుతో నిండు కవరున్న చైను సైకిళ్లు ఎన్నో కొనవచ్చు.

సర్వీసు అందుబాటులో ఉన్న నగరంలో, ఇంజనీరింగు మీద ఇష్టంతో ఎవరైనా బెల్టు సైకిలు కొంటే అది చక్కని వస్తువే, తప్పుపట్టను. కర్నూలు, కడప జిల్లాల్లో రోజూ పనికి సైకిలు తొక్కేవాళ్లకు మాత్రం చైనే తగినది, అదీ మూసిన చైను. కొత్త సైకిలు కొనబోయేవాళ్లు షాపులో నిండు చైన్ కవరున్నదే అడగండి. లేదంటే తెప్పించమనండి. బడిపిల్లల సైకిళ్లకు టెండరు రాసే అధికారులు ఫ్రేము కొలత, టైరు కొలతలతో పాటు ఇంకో వాక్యం చేర్చాలి: చైను చుట్టూ పూర్తిగా మూసిన, గట్టి రేకు కవరు తప్పనిసరి.